రెనాతె సంతకం

రెనాతె సోమర్ అనే పేరుతో నేను పదకొండేళ్లు ఉత్తరాలు రాశాను. ఆ పేరు గల మనిషి మా ఆఫీసులో ఎవరూ లేరు. నా పేరు టెక్లా వెండోర్ఫ్. ఇప్పుడు నాకు డెబ్బై ఆరేళ్లు. ఈ సంగతి ఇదివరకు ఎవరికీ చెప్పలేదు. సిగ్గుపడి చెప్పలేదు, అంతకు మించిన కారణమేమీ లేదు.

తూర్పు బెర్లిన్‌లో, ష్ప్రే నది ఒడ్డున ఉన్న రేడియో భవనంలో మూడో అంతస్తు మాది. మా ప్రసారాలు విని ఆఫ్రికా దేశాల నుంచి శ్రోతలు ఉత్తరాలు రాసేవారు. వాళ్లకు జవాబులు రాయడం మా విభాగం పని. ఒకామె ఫ్రెంచిలో రాసేది, ఒకాయన అరబ్బీలో, నేను స్వాహిలీలో. ఎవరమూ సొంత పేరు పెట్టకూడదు. ఒకరు మానేస్తే ఇంకొకరు అదే పేరుతో రాసుకుపోవచ్చు, పైగా సొంత స్నేహాలు మొలవవు అన్నది మా అధికారి డోబ్లర్ లెక్క.

నేను చేరింది 1961లో. దరఖాస్తులో 'ఈ భాష ఎక్కడ నేర్చుకున్నారు?' అని ఒక గడి ఉంది. ఉన్నదున్నట్టు రాశాను. మా నాన్న తూర్పు ఆఫ్రికాలోని టాంగన్యీకాలో ఒక కిత్తనార తోటకి పెత్తందారు. ఏడో ఏట వెళ్లి ఇరవయ్యో ఏటిదాకా అక్కడే పెరిగాను. యుద్ధం రాగానే, అప్పుడు ఆ దేశాన్ని ఏలుతున్న ఇంగ్లీషువాళ్లు మమ్మల్ని ఓడెక్కించి పంపేశారు.

డోబ్లర్ చదివి, కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"ఇదేంటి, ఫ్రావ్ వెండోర్ఫ్?"

"నిజమే రాశానండి."

"నిజమే అవ్వొచ్చు. కానీ తోటలు, కొరడాలు, దొరలు... ఆ ఆస్తంతా అవతలి జర్మనీ వాళ్ల వాటాకి పోయింది. మన రాజ్యానికి ఆ పాపంతో పొత్తు లేదు. మీరు పుస్తకం చూసి నేర్చుకున్నారు."

"ఏ పుస్తకమండీ?"

"ఏదో ఒకటి. లైబ్రరీలో బోలెడు ఉంటాయి."

కొత్త కాగితం ఇచ్చాడు. 'స్వయంకృషి' అని రాశాను. అప్పటికి నా భర్త యుద్ధంలో పోయి పదిహేడేళ్లు. నేనొక ఫ్యాక్టరీ గిడ్డంగిలో పెట్టెలు మోస్తూ బతుకుతున్నాను. వెచ్చటి గదిలో కుర్చీ దొరుకుతోంది. అంతకన్నా, నా చిన్నతనం అసలు జరగనేలేదని ప్రభుత్వమే చెబుతుంటే గుండె మీంచి బరువు దిగినట్టయింది. ఆ తేలికదనాన్ని తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు కుంచించుకుపోతుంది.

నా స్వాహిలీ గురించి ఒక మాట చెప్పాలి. అది వంటవాడికీ తోటమాలికీ పనులు పురమాయించడానికి నేర్చుకున్న భాష. రా, పో, తే, తుడు, పట్టు. రండి, దయచేసి, ఏమీ అనుకోకండి అనే మాటలు కూడా ఆ భాషలో ఉన్నాయని నాకు తెలుసు. వాళ్లు మాతో అనేవాళ్లు. మేము వాళ్లతో అనాల్సిన అవసరం ఎన్నడూ రాలేదు.

జకారియా షెంవెటా మొదటి ఉత్తరం 1962 వసంతంలో వచ్చింది. ఉసంబరా కొండల్లో క్వెంబాగో అనే ఊళ్లో బడిపంతులు. టాంగన్యీకా స్వతంత్రమై అప్పటికి నాలుగు నెలలు. ఊరంతా చందా వేసుకుని ఒక రేడియో కొన్నారట. దాన్ని బడి కిటికీలో పెడతారట. సాయంత్రం వార్తల వేళకి పొలాల నుంచి జనం తిన్నగా అక్కడికే వచ్చి గడ్డిమీద కూర్చుంటారట. 'మీ స్టేషన్ మంచిదే గానీ వానాకాలంలో దానికి దగ్గు పట్టుకుంటుంది. ఏదైనా మందు వేయించండి' అని రాశాడు.

చాలామంది క్యాలెండర్లు అడిగేవాళ్లు, బ్యాడ్జీలు అడిగేవాళ్లు. ఇతను కబుర్లు అడిగాడు. మీ బడిలో గదికి ఎంతమంది పిల్లలు? మీ ఊళ్లో ధాన్యం ఎలుకలు తినవా? తింటే ఏం చేస్తారు? ఆయన బడికి రేకుల కప్పు. వాన పడితే పాఠం వినపడదు, అందుకని వాన తగ్గేదాకా పిల్లలందరూ పాటలు పాడతారట. భార్య పేరు నయోమి. ఆమె చిక్కుడు గింజలు వండిందంటే పక్క ఊరి పంతులు కూడా ఏదో ఒక పని కల్పించుకుని వస్తాడట.

నేను రాసిన ప్రతి జవాబూ డోబ్లర్ బల్ల మీదుగా వెళ్లాలి. స్వాహిలీ రాదు గనుక ఆయన జర్మన్ నకలు మాత్రం చూసేవాడు. అందులో శాంతి, మైత్రి, పంట ఉత్పత్తి ఉంటే చాలు. మధ్యలో ఎలుకల గురించి నాలుగు వాక్యాలు నేను కలుపుకునేదాన్ని. ఆ ఉత్తరాల కోసం ఎదురుచూసేదాన్ని. మా తోట కంచెకి అటువైపు ఉన్న మనిషి ఒకరు నాతో మొదటిసారి మనిషిలా మాట్లాడుతున్నట్టుండేది. కానీ అతను మాట్లాడుతున్నది నాతో కాదు, రెనాతెతో.

ఒకసారి ఆయన ఇలా రాశాడు: 'అక్కయ్యా, మీ భాషలో "దయచేసి" కనపడదు. "నువ్వు రాయి, నువ్వు పంపు, నువ్వు చెప్పు." మొదట్లో ఆశ్చర్యపోయాను. మా అమ్మ కూడా నాతో అలాగే మాట్లాడుతుందని నయోమి గుర్తుచేసింది. అప్పటి నుంచి బాగుంది.' చదివి నవ్వుకున్నాను. చెవులు మాత్రం వేడెక్కాయి.

ఇంకోసారి నేనే నోరు జారాను. ఆ కొండలు నాకు తెలుసు. ఎండలు ముదిరితే అమ్మ మమ్మల్ని అక్కడికే తీసుకెళ్లేది. 'బడి కింద వాగు మీద చెక్క వంతెన ఇంకా ఉందా?' అని రాసేశాను. 'వంతెన సంగతి మీకెలా తెలుసు? కొట్టుకుపోయి పదేళ్లయింది' అని జవాబు వచ్చింది. పుస్తకంలో చదివానని రాశాను. డోబ్లర్ నేర్పిన అబద్ధం నాకు అలా అక్కరకొచ్చింది.

1963 మార్చిలో డోబ్లర్ అందరినీ పిలిచి సమావేశం పెట్టాడు.

"రోజుకో దేశం స్వతంత్రం అవుతోంది. జెండా ఎగరేస్తున్నారు, మనం అభినందన తంతి పంపుతున్నాం. వాళ్లు థాంక్స్ చెప్పి అవతలి రాజధాని బాన్‌లో రాయబార కార్యాలయం తెరుస్తున్నారు. మనల్ని దేశంగా గుర్తించిన వాళ్లేరి? ఒక్కళ్లు?"

ఫ్రెంచి విభాగం ఆమె చిన్నగా అంది, "గుర్తిస్తే అవతలి వాళ్లు సాయం ఆపేస్తామని బెదిరిస్తున్నారుగా. రోడ్లు వాళ్లే వేస్తున్నారు, పడవలు వాళ్లే ఇస్తున్నారు. పాపం వీళ్లు మాత్రం ఏం చేస్తారు?"

"అందుకే కింది నుంచి కదలాలి. మామూలు జనం నుంచి. శ్రోతలే తమ ప్రభుత్వాన్ని అడగాలి. జర్మన్ ప్రజాతంత్ర రాజ్యాన్ని గుర్తించండి అని. సంతకాలతో."

ఒక్కో విభాగానికి ఒక సర్క్యులర్ ఇచ్చారు. రెండో పేజీలో ఒక వాక్యం ఉంది: 'స్థానిక అధికారుల నుంచి ప్రతిఘటన రావచ్చు, కనుక పరిణతి గల, నమ్మదగిన శ్రోతలనే ఎంచుకోవాలి.' నేను ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాను. చదవలేదని చెప్పుకునే అవకాశం నాకు లేదు.

నమ్మదగిన శ్రోత అనగానే నాకు ఒకే పేరు తట్టింది. కూర్చుని ఉత్తరం రాశాను. నువ్వు సంతకాలు సేకరించు. చదువు రానివాళ్ల చేత వేలిముద్ర వేయించు. ఒక ప్రతి మీ ప్రభుత్వానికి ఇవ్వు, ఒక ప్రతి నాకు పంపు. నీ అక్క, రెనాతె. ప్రతిఘటన అనే మాట ఎక్కడా రాయలేదు. రాస్తే వెనకాడతాడేమోనని.

జూన్‌లో లావుపాటి కవరు వచ్చింది. మూడువందల పన్నెండు పేర్లు. సగానికి పైగా ఊదారంగు వేలిముద్రలు, పక్కన ఆయన గుండ్రటి దస్తూరీతో పేర్లు. ఏ ఇతర దేశం నుంచీ యాభై కూడా రాలేదు. డోబ్లర్ ఆ కాగితాలను ఫోటోలు తీయించి మెట్ల దగ్గర గోడకి అతికించాడు. విదేశాంగశాఖ నుంచి ఇద్దరు వచ్చి చూసి వెళ్లారు. సాంస్కృతిక సాయంత్రంలో నన్ను వేదిక మీదికి పిలిచి ఒక పతకం, మా దగ్గర అరుదుగా దొరికే అసలైన కాఫీగింజలు అరకిలో ఇచ్చారు. ఇంటికి తెచ్చుకుని తాగాను. చాలా బాగుంది.

తర్వాత ఎనిమిది నెలలు ఆయన నుంచి ఉత్తరం లేదు.

వచ్చేసరికి చిరునామా మారింది. సముద్రం వైపు పల్లంలో ఒక కిత్తనార తోటలో, కట్టలు తూకం వేసే గుమాస్తా. 'కొన్ని కారణాల వల్ల బడి వదిలాను. ఇక్కడ వేడి ఎక్కువ. నయోమి దగ్గుతోంది గానీ రేడియో దగ్గడం లేదు' అని మూడే మూడు వాక్యాలు. ఆ కొన్ని కారణాలేమిటని నేను అడగలేదు. అడిగితే చెబుతాడు. చెబితే నాకు తెలిసిపోతుంది. ఆరోగ్యం జాగ్రత్త అని రాసి, కొత్త క్యాలెండర్ ఒకటి జతచేసి పంపాను.

1966 మొదట్లో 'నేను ఈ రేడియో ఎందుకు వింటాను?' అని శ్రోతలకు వ్యాసాల పోటీ పెట్టారు. గెలిచినవాళ్లకి రెండు వారాలు మా దేశంలో ఆతిథ్యం. జకారియా వ్యాసం పంపాడు. అది ఒక పేజీ కూడా లేదు. అయినా డోబ్లర్ ముందే నిర్ణయించేశాడు. "మూడువందల పన్నెండు సంతకాల మనిషి! ఆయన్ని కాక ఎవర్ని పిలుస్తాం? పత్రికల వాళ్లని రప్పిద్దాం. రెనాతె ఎదురెళ్లి పూలగుత్తి ఇస్తుంది."

నేను లేచి నిలబడ్డాను. ఆ క్షణంలో ఎలాంటి చిరునవ్వు నా మొహం మీద ఉందో డోబ్లర్ మొహం చూస్తే తెలిసింది.

"మీరు కాదు, ఫ్రావ్ వెండోర్ఫ్."

"ఉత్తరాలు నేనే కదండీ..."

"విలేఖరులు అడుగుతారు, ఎక్కడ నేర్చుకున్నారని. ఆ మనిషీ అడుగుతాడు. పెత్తందారు కూతురే మన మైత్రికి ముఖమని అవతలి పత్రికలు ఒక్క రోజులో పట్టేస్తాయి. మీరు దుబాసీగా ఉండండి. ఊటా ఉంటుంది రెనాతెగా."

ఊటా మా టైపిస్టు. ఇరవై నాలుగేళ్లు, ముత్యాల్లాంటి పళ్లు. మంచి పిల్ల. "నాకా భాషలో 'జాంబో' అనే పలకరింపు తప్ప ముక్క రాదు!" అని గొల్లున నవ్వింది.

"రెనాతెకి రాయడం వచ్చు, మాట్లాడటానికి సిగ్గు. అలా చెబుదాం," అన్నాడు డోబ్లర్.

ఊటా నా వైపు తిరిగింది. "మీకు కోపం రాలేదుగా, టెక్లా? వద్దంటే నేను చెయ్యను."

వద్దనవచ్చు. ఆ పిల్ల నిజంగానే మానేసేది. "కోపమెందుకు? నువ్వే బాగుంటావు," అన్నాను. ఆ మాటలో కొంత నిజముంది కూడా. నన్ను చూడగానే తోట దొరసానినని గుర్తుపడతాడేమోనన్న భయం తప్పిపోయింది.

ఆ శరత్కాలంలో ఆయన వచ్చాడు. వచ్చిన మర్నాడు మధ్యాహ్నం మైత్రీభవనంలో ఏర్పాటు. తెల్లటి గుడ్డలు పరిచిన బల్లలు, కాఫీ, పంచదార పొడి చల్లిన కేకు. జకారియా నేను ఊహించుకున్నంత పొడుగు కాదు. నలభై దాటిన మనిషి, కణతల దగ్గర నెరుపు. ఎవరో ఇచ్చిన ఓవర్‌కోటు భుజాల దగ్గర జారుతోంది. నేను కుర్చీ చూపించి స్వాహిలీలో "కూర్చో" అన్నాను. కూర్చోబోతూ ఆగి నన్నొకసారి చూశాడు, తర్వాత కూర్చున్నాడు.

ఊటా పూలగుత్తి ఇచ్చింది. ఆయన రెండు చేతులా అందుకుని, సంచిలోంచి పసుపు అంచు గుడ్డ తీసి ఆమె భుజాల చుట్టూ కప్పాడు. "నయోమి పంపింది. మీరు సన్నగా ఉంటారని తనే అంది." నేను తర్జుమా చేశాను. కెమెరాలు మెరిశాయి. డోబ్లర్ చప్పట్లు కొట్టాడు. విలేఖరులు రాసుకుని కేకు తిని వెళ్లిపోయారు. నలుగురం మిగిలాం.

అప్పుడు జకారియా కప్పు పక్కన పెట్టి ఊటా కళ్లలోకి చూస్తూ మెల్లగా మాట్లాడాడు.

"అక్కయ్యా, ఉత్తరంలో రాయలేని సంగతి చెప్పాలి. నేను కాగితం మా జిల్లా ఆఫీసులో ఇచ్చిన నెలకి విద్యాధికారి జీపులో వచ్చాడు. ఆ పేర్ల జాబితా ఆయన చేతిలో ఉంది. ప్రభుత్వ పంతులు అనుమతి లేకుండా విదేశం కోసం రాజకీయం చేశాడని నన్ను బడి నుంచి తీసేశారు. అది సరే, నేను చదువుకున్నవాణ్ణి, చేసింది తెలిసే చేశాను. కానీ వేలిముద్రలు వేసినవాళ్లని ఒక్కొక్కరినీ పిలిపించారు. సంతలో అమ్ముకునే ఆడవాళ్ల లైసెన్సులు ఆపారు. కిబాంగా అనే ముసలాయన్ని రెండ్రోజులు ఆఫీసు వరండాలో కూర్చోబెట్టారు. ఆయనకి చదువే రాదు. ఊళ్లో వాళ్లు నన్నేమీ అనలేదు. పలకరించడం మానేశారు, అంతే. బడికి రెండేళ్లు పంతులు లేడు."

ఆగి గొంతు సవరించుకున్నాడు.

"తగువు పెట్టుకోవడానికి రాలేదు. ఒక్కటే అడగాలని వచ్చాను. సంతకాలు సేకరించమని మాకు రాసినప్పుడు, ఇలా జరగొచ్చని మీకు తెలుసా?"

డోబ్లర్ నవ్వుతూ నా వైపు తిరిగాడు. "ఏమంటున్నాడు? చాలా ఆర్ద్రంగా మాట్లాడుతున్నట్టున్నాడు."

నా నోరే, నా ప్రమేయం లేనట్టు, జర్మన్‌లో ఇలా అంది: "మన మైత్రి కోసం వాళ్ల ఊరి జనం చాలా కష్టాలు ధైర్యంగా ఓర్చుకున్నారట. రెనాతెని చూసినందుకు ఆయనకి సంతోషంగా ఉందట. నీకూ సంతోషమేనా అని అడుగుతున్నాడు."

ఊటా మొహం వెలిగిపోయింది. చేతులు రెండూ గుండెల మీద పెట్టుకుని, పళ్లన్నీ కనపడేలా నవ్వింది. "బోలెడంత సంతోషమని చెప్పండి! నా జీవితంలో ఇంత సంతోషం ఎప్పుడూ లేదని చెప్పండి!"

నేను జకారియా వైపు తిరిగి స్వాహిలీలో అన్నాను: "ఆమెకి తెలియదట. తెలిసుంటే రాసేదాన్ని కాదంటోంది. చాలా బాధపడుతోంది."

ఆయన ఊటా మొహంలోకి చూశాడు. ఆ పిల్ల ఇంకా నవ్వుతూనే ఉంది, గుడ్డ అంచు సవరించుకుంటోంది. చాలాసేపు చూశాడు. తర్వాత ఆ చూపు మెల్లగా అక్కణ్ణించి కదిలి నా మీదికి వచ్చి ఆగింది. నేను కేకు పళ్లెం ఆయన వైపు జరిపాను.

ఆ మర్నాడు ఉదయం ట్రెప్టో పార్కులో పడవ షికారు పెట్టారు. పడవ రావడానికి ఇంకా అరగంట ఉంది. ఊటా, ఫోటోగ్రాఫరు ముందు నడిచారు. డోబ్లర్ టిక్కెట్ల కిటికీ దగ్గరున్నాడు. చెస్ట్‌నట్ ఆకులు రాలిన దారిలో జకారియా నా పక్కకొచ్చాడు.

"అమ్మా, మా భాష ఎక్కడ నేర్చుకున్నారు?"

"పుస్తకాల్లో."

"పుస్తకాల్లో 'కూర్చోండి' అని ఉంటుందే."

ఆయన గొంతులో కోపం లేదు. బళ్లో అబద్ధమాడిన పిల్లవాడికి ఇంకొక అవకాశం ఇస్తున్నట్టుంది.

"మా తాత దొరల ఇంట్లో వంట చేసేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి దొరసాని ఎలా మాట్లాడుతుందో చేసి చూపించేవాడు. మెడ ఇలా నిటారుగా పెట్టి, 'నీళ్లు తే, తలుపు వెయ్యి, చెయ్యి కడుక్కో.' మేము కడుపు పట్టుకుని నవ్వేవాళ్లం. నిన్న మీరు మాట్లాడుతుంటే మా తాతే లేచొచ్చాడనుకున్నాను."

ఆయన నవ్వాడు. నేనూ నవ్వబోయాను, మొహం సహకరించలేదు.

"ఆ ఉత్తరాలు ఎవరు రాశారు, అమ్మా?"

"రెనాతె."

"ఆమె రాస్తుంటే మీరు చూశారా?"

"నాకేం తెలుసు? నేను దుబాసీని మాత్రమే."

ఆయన నదివైపు తిరిగాడు. "ఊరికి వెళ్తే నన్ను అడుగుతారు. ముసలి కిబాంగా అడుగుతాడు. ఆ అక్కయ్యని కలిశావా, ఏమంది అని. ఏం చెప్పమంటారు?"

అది ఆయన నాకిచ్చిన ఆఖరి అవకాశం. అప్పుడైనా నేనని చెప్పొచ్చు. ముందు ఊటా నవ్వు వినపడింది, వెనక డోబ్లర్ అడుగుల చప్పుడు. ఉద్యోగం పోతుందన్న భయమే అయితే ఇప్పటికి నన్ను నేను క్షమించుకునేదాన్నేమో. కానీ ఆ క్షణం నన్ను ఆపింది అది కాదు. ఆయన ముందు దొరసానిగా బయటపడటం నాకు నచ్చలేదు. రెనాతెగా ఆయన నన్ను ఇష్టపడ్డాడు. ఆ ఇష్టం పోగొట్టుకోవడం నాకు నచ్చలేదు.

"ఆమెకి తెలియదని చెప్పు," అన్నాను. అప్పుడు కూడా 'చెప్పండి' అనలేదు.

"అలా చెప్పను," అన్నాడాయన. "అది అబద్ధమని తెలిసి వాళ్లకి చెప్పలేను. ఆమెని కలవడం కుదరలేదని చెబుతాను. అది నిజమే కదా."

మిగతా పదకొండు రోజులు నాతో పనికి కావలసినంతే మాట్లాడాడు, ఎంతో మర్యాదగా. ఫ్యాక్టరీలు చూశాడు, పాల సహకార సంఘం చూశాడు. ఎలుకల్ని ఎలా ఆపుతారని అక్కడి వాళ్లని అడిగి నోటుపుస్తకంలో రాసుకున్నాడు. విమానాశ్రయంలో డోబ్లర్‌కి, ఊటాకి, ఫోటోగ్రాఫరుకి చెయ్యి ఇచ్చాడు. నాకూ ఇచ్చాడు. ఆ తర్వాత ఒక్క ఉత్తరం రాలేదు.

ఊటా రెండు వారాలు గింజుకుని, ఒక సాయంత్రం ఆ పసుపు గుడ్డ నా బల్లమీద పెట్టింది. "ఇది మీది. నేను ఉంచుకోలేను." నేను తీసుకోలేదు. ఆ పిల్ల దాన్ని ఫైళ్ల బీరువా పైన పెట్టింది. దుమ్ము పట్టి, గది మారినప్పుడు ఎవరో పారేశారు.

1972 డిసెంబరులో అంతా ఒక్కసారిగా కలిసొచ్చింది. రెండు జర్మనీలు ఒప్పందం చేసుకున్నాయి. వరసగా దేశాలు మమ్మల్ని గుర్తించాయి, టాంజానియాగా పేరు మారిన టాంగన్యీకా కూడా. ఎవరి సంతకాలూ అవసరం పడలేదు. బాన్‌లో, బెర్లిన్‌లో నలుగురు కూర్చుని తేల్చుకున్న సంగతి. ఆఫీసులో వైను సీసాలు తెరిచారు. డోబ్లర్ గ్లాసెత్తి, "మన పాత శ్రోతల త్యాగానికి!" అన్నాడు. పాతవాళ్లందరికీ కృతజ్ఞత ఉత్తరాలు రాయమన్నారు. జకారియాకి నేను 'దయచేసి' అన్న మాటతో మొదలుపెట్టి ఒక ఉత్తరం రాశాను, ఐదు పేజీలు. వంతెన సంగతి, మా నాన్న తోట సంగతి, సర్క్యులర్ సంగతి. డోబ్లర్ చూసే జర్మన్ నకలు రాయడానికి కూర్చుని, మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. చింపేసి, అందరికీ పంపినట్టే అచ్చువేసిన కార్డు పంపాను. కింద రెనాతె సోమర్ అని సంతకం చేశాను. మర్నాడే వేరే విభాగానికి బదిలీ అడిగాను.

1989లో బెర్లిన్ గోడ కూలింది. రేడియో మూతపడింది. డోబ్లర్ కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. నన్ను ఆపేవాళ్లు ఎవరూ లేరు. అయినా నాలుగేళ్లు రాయకుండానే గడిపాను. పోయిన సంవత్సరం, మోకాళ్లు పూర్తిగా సహకరించడం మానేశాక, నా సొంత పేరుతో ఆ ఐదు పేజీలూ మళ్లీ రాసి క్వెంబాగో బడి చిరునామాకి పంపాను.

మూడు నెలలకి నయోమి జవాబు వచ్చింది, ఎవరి చేతనో రాయించింది. జకారియాని 1970లో మళ్లీ పంతులుగా తీసుకున్నారట, కానీ వేరే ఊళ్లో. పదేళ్ల కిందట పోయారట. 'మీ ఉత్తరం చదివించుకుని విన్నాను. ఆయన వెతికిన మనిషి మీరని అక్కడే తెలిసిందని నాతో చెప్పారు. మీరు చెబుతారేమోనని చూశారట. నాకు మీరు క్షమాపణ చెప్పక్కర్లేదు. సంతకం చేసినవాళ్లలో పద్నాలుగు మంది ఇంకా బతికున్నారు. చెప్పాలనుంటే వాళ్లకి చెప్పండి' అని రాయించి, కింద పద్నాలుగు పేర్లు ఇచ్చింది. కిబాంగా పేరు లేదు.

ఒక్కొక్కరికీ రాస్తున్నాను. పక్క వీధిలో టాంజానియా నుంచి చదువుకోవడానికి వచ్చిన అమ్మాయి ఉంది, రోజ్‌మేరీ. ఆదివారాలు వచ్చి నా భాష దిద్దుతుంది. "ఇక్కడ ఇలా అనరు బామ్మగారూ, కుక్కని పిలిచినట్టుంది," అంటుంది మొహమాటం లేకుండా. మళ్లీ రాస్తాను. ఇప్పటికి ఆరు పంపాను. ఒక్క జవాబు వచ్చింది, హవా అనే ముసలావిడ నుంచి. సంతలో అరటికాయలు అమ్మేదట. లైసెన్సు ఏడాదిన్నర ఆపితే చెల్లెలి ఇంట్లో ఉందట.

'మ్వాలిము అడిగాడు, వేలు నొక్కాను,' అని రాయించింది. మ్వాలిము అంటే పంతులు. 'అది బడి కప్పు గురించేమో అనుకున్నాను. మీ దేశం పేరు అప్పుడు నాకు తెలియదు. ఇప్పుడు మీ ఉత్తరం చదివించుకుంటే తెలిసింది. మేమంతా గుర్తించమని అడిగిన ఆ దేశం బాగుందా?'

రోజ్‌మేరీ ఆ వాక్యం చదివి నా మొహం వైపు చూసింది. ఏం రాద్దామని అడిగింది. ఆ దేశం ఇప్పుడు లేదని రాయమన్నాను. అది అవతలి జర్మనీలో కలిసిపోయి ఐదేళ్లయిందని, మీకు ముందే చెప్పకుండా మీచేత దానికోసం వేలిముద్ర వేయించింది నేనేనని, పేరు టెక్లా అని.